పాతకారు ముఖమునకు క్రొత్త సీలలు

అమ్మమ్మనాటి దీపపుసెమ్మెను, తాతగారి గోడగడియారమును, పెండ్లినాటి పట్టుచీరను పదికాలములపాటు కాపాడుకొనుట మన ఇండ్లలో స్త్రీల వంతునకు వచ్చిన పని. ఆ వస్తువుల వరుసలో చేర్చదగినది మఱియొకటి కలదు. అది ఇంటిప్రక్క షెడ్డులో గుడ్డ కప్పుకొని నిలిచియున్న పాతకారు. “బండ్ల మరమ్మతుతో మనకేమి ప్రసక్తి?” అని కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. కాని ఆ బండిలోనే కోడలు కాపురమునకు వచ్చియుండును. ఆ బండిలోనే అర్ధరాత్రివేళ పురిటినొప్పులతో ఆసుపత్రికి పోయియుండును. దానిని పాతయినుము క్రింద అమ్మవలెనా, బాగుచేయించి నిలుపుకొనవలెనా అను విచారము వచ్చిననాడు ఇల్లాలి మాట చెల్లవలెను. మాట చెల్లవలెనన్న పని తెలిసియుండవలెను.

మోటారుకారు చరిత్రలో మొదటి దూరప్రయాణము చేసినది ఒక గృహిణియే యని మఱవరాదు. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో, జర్మనీ దేశమున, బెర్తా బెంజ్ అను నామె తన భర్తయగు కార్ల్ బెంజ్ నిర్మించిన బండిలో ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా తన టోపీసూదితో పొడిచి శుభ్రపఱచెను. పైతొడుగు పోయిన తీగెకు తన మేజోటి పట్టీని చుట్టెను. చేతనున్న చిన్నవస్తువుతో పెద్దయంత్రమును నడిపించుట స్త్రీలకు క్రొత్తవిద్య కాదు. నేడు మేము చెప్పబోవునదియు చిన్నవస్తువులను గూర్చియే.

జాలీ అననేమి?

కారు ముందుభాగమున, రెండు పెద్దదీపముల నడుమ, మెఱయుచుండు జాలీని గ్రిల్లు అందురు. దాని వెనుక రేడియేటరు అను నీటిపెట్టె యుండును. వేడెక్కిన ఇంజనును చల్లార్చు నీరు ఆ పెట్టెలోని సన్నని గొట్టములలో తిరుగును. జాలీగుండ లోనికి వచ్చు గాలి ఆ నీటి వేడిని తీసికొనిపోవును. కావున జాలీ అలంకారము మాత్రమే కాదు. అది గాలికి ద్వారము, రేడియేటరునకు కవచము. దానికి తోడు, బండిని గుర్తుపట్టుటకు అదియే ముఖము. మారిస్ ఆక్స్‌ఫర్డు అను బ్రిటిషు బండి ననుసరించి, 1950ల చివరి భాగమునుండి 2014 వఱకు బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ బండి ఏ కాలమునాటిదో తెలిసికొనుటకు తెలిసినవారు ముందుగా దాని జాలీ గళ్ళనే చూతురు. ఫియట్ 1100 నమూనాతో ముంబయిలో తయారై, 1974లో పద్మిని యను పేరు పెట్టుకొనిన బండికిని ముఖమే గుర్తు.

ఈ రెండు బండ్లును నేడు ఏ కార్ఖానాలోను తయారగుట లేదు. జాలీ పోయినచో కంపెనీకి వ్రాసి తెప్పించుకొను వీలు లేదు. చెన్నపట్టణములోని పుదుపేట, కలకత్తాలోని మల్లిక్‌బజారు వంటి పాతసామాను వీధులలో వెదకుకొనవలసినదే. అక్కడ దొరకినదియు మఱియొక బండినుండి ఊడదీసినదే యగును గనుక, దాని వంకరలు దానికుండును. అందుచేత ఉన్న జాలీని దక్కించుకొనుటయే మన మొదటి పని. బండి బాగుచేయుదమని షెడ్డునకు తెచ్చి, ఊడదీయు తొందరలో జాలీనే విఱుచుట కలదు. ఆ గండమును తప్పించుటకే ఈ వ్యాసము.

కమ్మకు సీలవలె

జాలీ అంచులందు, నడుమను, పైభాగమునను మెఱుగుపట్టీలును గుర్తుబిళ్ళలును ఉండును. వెలుపలనుండి చూచిన అవి రేకునకు అంటుకొనియున్నట్లే తోచును. నిజమునకు వాని వెనుక చిన్న పట్లు దాగియుండును. చెవికమ్మ ఎంత విలువైనదైనను వెనుకనున్న సీల జాఱిన కమ్మ పోయినట్లే గదా! ఈ పట్లును అట్టివే. ఇవి ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది స్టడ్డు. పట్టీ లేక బిళ్ళ వెనుక దానితోబాటు పోతపోసిన చిన్నమొల యిది. ఇది రేకులోని బెజ్జముగుండ లోనికి పోవును. లోపలినుండి నట్టుతో బిగింతురు. రెండవది ఉక్కుక్లిప్పు. తలలో పెట్టుకొను పిన్నువలె వంగియుండి, ఒకవైపు పట్టీ మడతలను పట్టుకొని, రెండవవైపు బెజ్జములో దూఱి విచ్చుకొనును. మూడవది తలబోల్టు. దాని పలకతల పట్టీ వెనుకనున్న కాలువలో జరుగును. మరతోక రేకుగుండ వెలికి వచ్చి నట్టునకు చిక్కును. నాలుగవది రేకు అంచునకు తొడుగు మడతనట్టు. దీనిలోనికి ముందునుండి మరచీల తిరుగును.

మొదటి విధమైన స్టడ్డులకు పెక్కుచోట్ల వాడు రేకునట్టు పుట్టుక వినదగినది. అది వంటయింటికి సంబంధించిన కథ. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున టిన్నర్‌మన్ కుటుంబమువారు పొయ్యిలు తయారుచేయుచుండిరి. పింగాణిపూత గల పొయ్యిరేకులను మామూలు బోల్టులతో బిగించినపుడు ఆ ఒత్తిడికి పూత పెట్లుచుండెను. 1920లలో ఆల్బర్ట్ టిన్నర్‌మన్ దీనికొక ఉపాయము కనిపెట్టెను. పలుచని ఉక్కురేకు నడుమ బెజ్జము చేసి, రెండు నాలుకలను వంచి నిలిపెను. ఆ నాలుకలు సీలను కఱచి పట్టును. అయినను అవి స్ప్రింగువలె కొంచెము లొంగును గనుక పింగాణి పగులదు. ఆ పొయ్యినట్టే పిదప కార్లలోనికి వచ్చెను.

ఈ కథలోనే మన పనికి కావలసిన ధర్మసూక్ష్మము కలదు. పట్టుకొనునది లొంగవలెను, పట్టుబడినది నిలువవలెను. క్లిప్పు విఱిగినదని దుఃఖింపనక్కఱలేదు. తాను విఱిగి పట్టీని కాచినచో అది తన పని చేసినట్లే. ఎప్పుడు క్లిప్పుకంటె ముందు జాలీ విఱుగునో అప్పుడే బిగించినవారు తప్పుచేసిరని తెలిసికొనవలెను.

విఱుగుటకు కారణములు

క్రొత్త క్లిప్పు వేయుటకు ముందు పాతది ఏల విఱిగెనో చూడవలెను. కారణము నిలిచియుండగా సీలను మార్చుట, కప్పు కారుచుండగా గోడకు సున్నము వేయుటవంటిది.

మొదటి కారణము తుప్పు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే నట్టు సీలను పెనవేసికొని తిరుగనని మొరాయించును. విశాఖపట్టణము, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి వలన ఈ బాధ మఱింత. రెండవది లోహముల వైరము. ఉక్కును అల్యూమినియమును, లేదా ఉక్కును తుత్తునాగమును అంటించి తడి తగులనిచ్చినచో వాని నడుమ సన్నని విద్యుత్తు పుట్టి, అల్యూమినియమును గాని తుత్తునాగమును గాని తినివేయును. పట్టీచుట్టు తెల్లని పొడి కనబడిన అది ఈ వైరపు గుర్తు. మూడవది అదురు. వదులైన పట్టీ దారిపొడవున అదరి అదరి క్లిప్పు మెడను అలయజేసి త్రెంపును. నాలుగవది మనుష్యుని చేయి. అవసరమునకు మించి బిగించుట, ముందునుండి స్క్రూడ్రైవరుతో పెల్లగించుట దీనిలోనివి.

ఊడదీయు విధము

పని మొదలిడుటకు ముందు ఇంజను చల్లారవలెను. తాళపుచెవి తీసి, బ్యాటరీ ఋణతీగెను విప్పవలెను. కొంతకాలపు బండ్లలో విద్యుత్తుతో తిరుగు పంకా తాళము తీసిన పిదపకూడ తనంతట తాను తిరుగును. దానియొద్ద వ్రేళ్లు పెట్టరాదు. విఱిగిన రేకు అంచులు కత్తివలె కోయును గనుక చేతితొడుగులును, నట్టు త్రెంపునపుడు కంటికి అద్దములును ఉండవలెను.

ముందుగా జాలీని అన్నివైపులనుండి ఫోనుతో ఫొటోలు తీయుడు. ఏ సీల ఏ చోటిదో మఱచిపోకుండ, వాడుక మానిన పాత పోపులపెట్టె నొకదానిని తెచ్చి, ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క భాగపు సీలలు వేసి చీటి అంటింపుడు. వంటకు వాడుచున్న పెట్టెను మాత్రము తాకరాదు. పసిపిల్లలకు అందనిచోట దానిని ఉంచవలెను.

పిదప జాలీ వెనుకకు చేరి, ప్రతి నట్టుమీదను తుప్పు వదలించు పలుచని నూనెను చుక్కలుగా వేసి రాత్రియంతయు నాననిండు. మఱునాడు నట్టును ఒక్కసారిగా విప్పబోక, కొంచెము బిగించి, కొంచెము వదలించి, మఱల బిగించి, మెల్లగా కదలింపవలెను. అప్పటికిని రానిచో నట్టునే సన్నని ఱంపముతో కోసివేయవలెను. నట్టు పోయిన నష్టము లేదు, స్టడ్డు పోయినచో పని పెరుగును. ముందునుండి పట్టీని కదలింపవలసివచ్చిన ఇనుప పనిముట్టును వాడరాదు. గుడ్డ చుట్టిన వెదురుబద్దను క్లిప్పు ఉన్నచోట దూర్చి, ఒక్కొక్క క్లిప్పునే విడిపించుచు పోవలెను. ఒక కొననుండి పట్టి లాగినచో పట్టీ వంగి ముడత పడును. ఆ ముడతను పూర్తిగా తీయుట మంచి పనివానికిని కష్టమే.

విఱిగిన స్టడ్డునకు వైద్యము

ఇంత జాగ్రత్త పడినను కొన్ని స్టడ్డులు విఱుగును. అప్పుడు జాలీ ఏ లోహమో తెలిసికొనుటకు చిన్న అయస్కాంతమును తెచ్చి చూడుడు. గట్టిగా అంటుకొన్నచో ఉక్కు. అంటుకొనక తేలికగా నున్నచో అల్యూమినియము కావచ్చును. అంటీయంటనట్లుండి, బరువై, విఱిగినచోట బూడిదరంగు పలుకులు కనబడినచో అది తుత్తునాగపు పోతపని.

ఈ పోతపని బిళ్ళను వెల్డింగు వానికి ఈయవలదు. ఆ మిశ్రలోహము సుమారు 385 డిగ్రీల వేడికే కరగిపోవును. వెల్డింగు జ్వాల వేడి వేల డిగ్రీలు. క్షణములో మీ గుర్తుబిళ్ళ లోహపుముద్దయై నేల రాలును. దీనికి చల్లనిపద్ధతియే తగినది. విఱిగిన మొదలును ఆకురాయితో సమముగా అరగదీసి, పైపూత కందకుండ, వెనుక మందమును కొలువవలెను. మందము చాలినచో నడుమ గుర్తుపెట్టి చిన్న బెజ్జము వేయవలెను. 3 మిల్లీమీటర్ల బోల్టుమరకు 2.5 మిల్లీమీటర్ల బెజ్జమును, 4 మిల్లీమీటర్ల దానికి 3.3 మిల్లీమీటర్ల బెజ్జమును లెక్క. బెజ్జము ముందువైపునకు పొడుచుకొని రాకుండ, డ్రిల్లు ముల్లునకు కావలసిన లోతున రంగుపట్టీని చుట్టి గుర్తు నిలుపుకొనవలెను. లోపల మర కోసి, క్రొత్త సీలను ఎపాక్సీ జిగురుతో తిప్పి నిలిపి, ఒకదినము కదల్పక యుంచవలెను.

మందము చాలనిచోట బెజ్జము మాటయే తలపరాదు. పలకతల గల సీలను తెచ్చి, దాని తలను, బిళ్ళ వెనుకభాగమును గరుకుకాగితముతో రుద్ది, జిడ్డు లేకుండ తుడిచి, అదే జిగురుతో అతికింపవలెను. జిగురును మాత్రము నమ్మి బరువైన జాలీనంతటిని వ్రేలాడదీయరాదు. అది చిన్న బిళ్ళలకును సన్నని పట్టీలకును మాత్రమే.

క్రొత్త సీలను ఎన్నుకొనుట

పాత క్లిప్పులో విఱుగని దొకటి నమూనాకు దుకాణమునకు తీసికొనిపోవుడు. నోటిమాటతో కొనరాదు. పాతబండ్లలో అంగుళపు కొలతల మరలును, తరువాతివానిలో మిల్లీమీటరు కొలతల మరలును ఉండును. పావు అంగుళమనగా 6.35 మిల్లీమీటర్లు. దాని నట్టులో 6 మిల్లీమీటర్ల బోల్టు దూఱుట దూఱును గాని కఱచి నిలువదు. నాలుగురోజులలో అదురునకు ఊడి దారిలో పడును. కొన్నిచోట్ల రెండుచుట్లు తిరిగి ఆగును. అప్పుడు బలము చూపినచో మర చెడును. వ్రేళ్ళతో సులభముగా తిరిగినదే తగిన సీల.

అన్నిటికంటె గట్టి ఉక్కుసీలయే మంచిదని భ్రమపడరాదు. మరచీలను తుత్తునాగపు పోతలో సూటిగా బలవంతముగా ఎక్కించినచో పోతయే చీలును. క్లిప్పు లొంగవలెనను మాట ఇక్కడ గుర్తునకు తెచ్చుకొనవలెను. సీలకును జాలీకిని నడుమ నైలాను లేక రబ్బరు వాషరు వేసిన లోహముల వైరము అణగును, అదురు తగ్గును. రేకు బెజ్జముల అంచులలో తుప్పు గీకి రంగు పూయవలెను. సీలకు కొంచెము గ్రీజు రాసిన మఱుసటిమారు విప్పువారు మనలను దీవింతురు.

తిరిగి అమర్చునపుడు ఒకవైపు పూర్తిగా బిగించి రెండవవైపునకు పోరాదు. సీలలన్నిటిని ముందు వదులుగా నిలిపి, జాలీ తనచోట కుదిరినదని చూచి, నడుమనుండి అంచులకు కుడియెడమలుగా కొంచెము కొంచెము బిగింపవలెను. చేతితో ఆగినచోట మఱి పావుచుట్టు చాలును. పిదప వ్రేలికణుపుతో పట్టీపొడవున తట్టిచూడుడు. గలగల వినబడినచోట పట్టు వదులని అర్థము. దానిని ఉపేక్షింపరాదు. వదులైన జాలీ వెనుకకు జరిగి రేడియేటరును ఒఱసి తూటుపఱచినచో నీరు కారిపోయి ఇంజనే మాడును.

మెఱుగు విషయము

జాలీ ఊడదీసినపుడు, “ఎట్లును తీసితిమి గదా, మెఱుగుకూడ క్రొత్తగా వేయింతము” అను మాట వచ్చును. తొందరపడవలదు. ఆ మెఱుగులో అడుగున రాగి, దానిపై నికెలు, అన్నిటికిపైన క్రోమియము ఉండుట పరిపాటి. ఆ క్రోమియపు పొర మైక్రానునకు తక్కువ, అనగా మన తలవెండ్రుక మందములో నూఱవవంతైన ఉండదు. క్రొత్తపూతకై పాతపూతను తీసి రుద్దునపుడు గుర్తుబిళ్ళలపై చెక్కిన సన్నని గీతలు అరిగిపోవును. పైగా పూతతొట్టెలలో సాధారణముగా వాడు ఒకవిధపు క్రోమియము క్యాన్సరు కారకము. దాని ఆవిరి పీల్చువారు పనివారు. కేవలము మాసిన మెఱుగునకై అంతదూరము పోనక్కఱలేదు. మెత్తని సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలును. ఇత్తడిబిందెలకు వాడు చింతపండు, బూడిద, ఇనుపపీచు దీనికి పనికిరావు. మరుగుదొడ్డి కడుగు ఆమ్లము తగిలిన క్రోమియము కరగిపోవును.

మేస్త్రీని అడుగవలసినవి

ఈ పనినంతయు స్వయముగా చేయనక్కఱలేదు. షెడ్డునకు పంపినను మూడు ప్రశ్నలు అడిగినచో బండి సగము క్షేమమే. “మేస్త్రీగారూ, విప్పిన సీలలను ఎందులో ఉంచెదరు? స్టడ్డు విఱిగినచో ఏమి చేసెదరు? క్రొత్త సీలకును జాలీకిని నడుమ ఏమి వేసెదరు?” తెలిసిన పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషించును. “మీకెందుకమ్మా, అంతయు క్రొత్తది వేసెదను” అని తేల్చువానికి జాలీని అప్పగించుటకు ముందు మఱొకచోట విచారింపుడు. విప్పిన భాగములన్నిటిని, విఱిగినవానితో సహా, తిరిగి ఇమ్మని ముందుగనే చెప్పుడు.

పాతదానిని పాతదిగనే నిలుపుటకు నేడు చట్టమునను గౌరవము కలదు. మొదట రిజిస్టరైన నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపముతో, చట్రము, బాడీ, ఇంజను పెద్దగా మార్పుచెందక యున్న సొంతబండ్లను ప్రత్యేకముగా రిజిస్టరు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలు ఏర్పఱచెను. జాలీ సీల మార్చుట అట్టి మార్పులలోనికి రాదు. కాని అసలు జాలీని పోగొట్టుకొనిన బండి తన ముఖమును పోగొట్టుకొనినదే. దానిని చూచిన మనుమలు, “ఇదేనా మీరు చెప్పిన తాతగారి బండి?” అని అడుగుదురు.

కావున షెడ్డులోని గుడ్డ తొలగించి ఒకమారు ఆ జాలీ వెనుకకు చూడుడు. తుప్పుపట్టిన నాలుగు సీలలు కనబడవచ్చును. వానికై వెచ్చించునది కొద్దిపాటి సొమ్ము, రెండుమూడు రోజుల ఓపిక. వానిని నిర్లక్ష్యము చేసిన పోవునది మాత్రము మఱల ఏ కార్ఖానాయు చేసియీయనిది. చెడిన సీలను మార్చి వస్తువును నిలుపుట మన తల్లులు కమ్మలకును, కడియములకును, కావడిపెట్టెలకును చేసినదే. మనము కారునకును చేయుదము.